ఒక ఆటల అంగడి జమాఖర్చులు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



గ్రంథాలయపు పండుగలో ఆటల ప్రస్తావన యేల యని కొందరికి తోచవచ్చును. ఆటయు చదువును సవతులని మన పెద్దలలో పలువురి నమ్మకము. ధర్మరాజు రాజ్యమునకు రాజ్యమే పణముగా నొడ్డి యడవుల పాలైన కథ విన్న జాతికి పాచికలయెడ భయముండుట సహజమే. అయినను ఆ భారతమందే, పాచికలవలన పోయిన రాజ్యము పాచికలవలననే తిరిగివచ్చిన కథ కూడ నున్నది. ఋతుపర్ణ మహారాజు రథముపై పోవుచు దారిలోని తాండ్రచెట్టు ఆకులును కాయలును ఇన్నియని చెప్పెను. నలుడు నమ్మక, చెట్టును పడగొట్టి యొక్కటొక్కటిగా లెక్కపెట్టి చూచెను. లెక్క సరిపోయెను. అంతట నలుడు తనకు తెలిసిన అశ్వహృదయము నిచ్చి అక్షహృదయమును పుచ్చుకొనెను. అరణ్యపర్వము చదివినవారికి ఈ ఘట్టము గుర్తుండకపోదు. పాచికల మర్మము తెలిసినవాడు లెక్కల మర్మము కూడ తెలిసినవాడై యుండవలెనని యా కథలో నొక సూచన కలదు. నేటి విషయమునకు ఆ సూచన యవసరమగును.

విషయము అమెరికా దేశమునకు సంబంధించినది. బల్లమీద నాడుకొను ఆటలను అచ్చువేసి అమ్ము ఒక చిన్న ప్రచురణసంస్థ యెట్లు పుట్టినది, ఎట్లు బ్రతికినది, ఏ పద్దుదగ్గర తప్పటడుగు వేసినది అనునది చెప్పవలసియున్నది.

ఆటను ప్రచురించుట యనుమాటయే మన పల్లెలకు కొంత వింతగా నుండును. పులిజూదమునకు ప్రచురణకర్త యెవరు? దేవాలయ మండపపు రాతిపై నెవరో గీతలు గీసిపోయిరి. చింతగింజలును గులకరాళ్లును పులులును మేకలు నయ్యెను. వామనగుంటలకును, అష్టాచెమ్మకును అంతే. నియమములు అమ్మమ్మల నోట నుండెను. ఒక్క వైకుంఠపాళి మాత్రము పటముగా అచ్చుపడి అంగళ్లలో అమ్ముడయ్యెను. దాని వంటి పటమే 19వ శతాబ్ది చివర ఇంగ్లండు చేరి, పుణ్యపాపముల పేళ్లు క్రమముగా రాలిపోయి, వట్టి పాములు నిచ్చెనలుగా మిగిలినది. పాశ్చాత్యులలో నైనను మొదట ఆటల వ్యాపారులు నీతిబోధ చాటుననే నిలువవలసివచ్చెను. 1860లో మిల్టన్ బ్రాడ్లీ యను అచ్చుకూటపు యజమాని జీవితయాత్రను గళ్లపటముగా వేసి అమ్మునప్పుడు, పాచికలు జూదగాండ్ర పరికరములను నింద యుండుటచే వాని బదులు అంకెలు వేసిన చిన్న బొంగరమును పెట్టెలో పెట్టెను. భయము మన యొక్కరి సొత్తు కాదన్నమాట.

ఇక అసలు కథ. విస్కాన్సిన్ రాష్ట్రమున లేక్ జెనీవా యను చిన్న యూరు కలదు. అచ్చట గారీ గైగాక్స్ అను నొక గృహస్థు కాపుర ముండెను. 1938లో పుట్టినవాడు. చికాగో నగరమున భీమా కంపెనీలో ఉద్యోగము. అయిదుగురు బిడ్డలు. 1970లో ఆ యుద్యోగము పోయెను. పిమ్మట తన యింటి నేలమాళిగలో కూర్చుండి జోళ్లు బాగుచేసి కొంత సంపాదించెను. ఆయనకు పిచ్చియని చెప్పదగినంత యిష్టమైనది యుద్ధక్రీడ: బల్లపై సీసపు బొమ్మలను సైన్యములుగా నిలిపి, వెనుకటి యుద్ధములను మరల నడుపుట. 1968లో ఊరిలోని ఉద్యానమందిరమును 50 డాలర్ల అద్దెకు తీసికొని యిట్టి క్రీడాప్రియులను కూర్చి యొక మేళా జరిపెను. వచ్చినది సుమారు నూరుగురు. ఆ మేళాయే జెన్‌కాన్ అను పేర నేటికిని సాగుచున్నది.

ఈ గైగాక్స్‌కు డేవ్ ఆర్నెసన్ అను మఱియొకనితో పరిచయమయ్యెను. అతడు పొరుగు రాష్ట్రమైన మినెసోటా వాడు. సైన్యమునంతటిని ఒక్క యాటగాడు నడుపుటకు మారుగా, ఒక్కొక్క యాటగాడు ఒక్కొక్క వీరుడై యుండిన నెట్లుండునని అతడు ఆడిచూచెను. గైగాక్స్ ఆ యాటను 1972 చివర స్వయముగా చూచి, నియమములు వ్రాయబూనెను. ఈ విధముగ పుట్టినదే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆట. నేలమాళిగలును ఘటసర్పములును అని దాని యర్థము.

ఆ యాట మనవారికి తెలియకపోయినను, దాని పోలిక తెలియనిది కాదు. ఒకరు కథ చెప్పుదురు: "చీకటి. ఎదుట మూడు ద్వారములు. ఎడమ ద్వారమునుండి నీటి చప్పుడు." తక్కినవారు వినుచు కూర్చుండరు, ఒకడు ఖడ్గధారి, ఒకడు మాంత్రికుడు, ఒకడు దొంగ. "ఎడమ ద్వారము తెరచెదను" అని యొకడనును. తెరచిన నేమగునో కొంత కథకుడు నిర్ణయించును, కొంత పాచిక నిర్ణయించును. హరికథలో శ్రోతలు లేచి, "ఆగుడు దాసుగారూ, హనుమంతుడు అటు పోడు, ఇటు పోవును" అని కథను మార్చగలిగిన నెట్లుండునో అట్లు. గెలుపోటములు లేవు. రాత్రికి ముగియదు, మరల వారము సాగును. దీనికి గళ్లపటము కూడ నక్కరలేదు. ఆటను కొనుటయనగా నియమముల పుస్తకమును కొనుటయే. కనుక ఈ యాటల యంగడి నిజమునకు గ్రంథప్రచురణ సంస్థయే.

పెద్ద సంస్థలు ముందుకు రాలేదు. 1973 అక్టోబరులో గైగాక్స్ తన బాల్యమిత్రుడైన డాన్ కే అను వానితో కలిసి 'టాక్టికల్ స్టడీస్ రూల్స్' అను పేర భాగస్వామ్యము పెట్టెను. డాన్ కే తన జీవిత భీమా పాలసీపై వేయి డాలర్లు అప్పు తెచ్చెను. ముందుగా ఇంగ్లండు అంతర్యుద్ధమును గూర్చిన యొక చిన్న నియమావళిని అచ్చువేసి, దాని రాబడితో అసలు పుస్తకము వేయవలెనని తలచిరి. ఆ రాబడి చాలలేదు. డిసెంబరులో బ్రయన్ బ్లూమ్ అను మూడవవాడు 2,000 డాలర్లు తెచ్చి సమాన భాగస్థుడయ్యెను. 1974 జనవరిలో వేయి ప్రతులు అచ్చయ్యెను.

ఆ వేయి ప్రతులు ఎట్లుండెనో వినదగును. చెక్కరంగు కాగితము తొడిగిన యొక అట్టపెట్టె. అందులో మూడు చిన్న పుస్తకములు: మనుష్యులను గూర్చి యొకటి, భూతములను నిధులను గూర్చి యొకటి, పాతాళమును అరణ్యములను గూర్చి యొకటి. వెల 10 డాలర్లు. ఆ కాలమునకది తక్కువ వెల కాదు. పెట్టెలు వేరుగా, పుస్తకములు వేరుగా వచ్చెడివి. డాన్ కే యింటి భోజనశాలయే కార్యాలయము. పెట్టెపై పేరుకాగితము చేతితో నంటించుట, మూడు పుస్తకములను వరుసగా పెట్టుట, మూత వేయుట, చిరునామా వ్రాయుట, తపాలాకు మోసికొనిపోవుట, ఇదియే నిత్యకృత్యము. గైగాక్స్ బిడ్డలలో నిద్దరు ఆ యాటకు మొట్టమొదటి యాటగాండ్రు. ఆటలు తయారుచేయు సంస్థలో పగలెల్ల ఆటయే సాగునని యెవరైన తలచినచో పొరపాటు. ఆట రాత్రి, పగలు జిగురు, దారము, తపాలా బిళ్లలు.

పాచికల సంగతి మఱియొకటి. ఈ యాటకు ఆరుముఖముల పాచిక యొక్కటి చాలదు. నాలుగు, ఎనిమిది, పండ్రెండు, ఇరువది ముఖములవి కూడ కావలెను. యవన గణితజ్ఞులు చెప్పిన అయిదు సమఘనములు ఇవియే. వీనిని పాఠశాలలకు గణితపరికరములమ్ము వ్యాపారులనుండి తెప్పించి, విడిగా అమ్మిరి. బడిలో క్షేత్రగణితము బోధించుటకై చేసిన వస్తువు ఘటసర్పములను చంపుటకు పనికివచ్చినది. తరువాత 1979లో పాచికలకు కరవు వచ్చినప్పుడు, పెట్టెలలో పాచికలకు బదులు అంకెలు వేసిన అట్టముక్కలను పెట్టి పంపిరి. కొన్నవారు ఆ ముక్కలను కత్తిరించి గిన్నెలో వేసి చూడకుండ తీసికొని యాడుకొనిరి. సరకు లేనప్పుడు లేదని తలుపు మూయక, ఉన్నదానితో నడపిన యీ యుపాయము మెచ్చదగినది.

నియమములు స్పష్టముగా లేకుండెను. ఉన్నమాట చెప్పవలెనన్న, క్రొత్తవాడు ఆ మూడు పుస్తకములను చదివి ఆట యెట్లాడవలెనో గ్రహించుట దుర్ఘటము. వ్యాఖ్యానము లేని ప్రౌఢకావ్యము వంటివి. అందుచే ఉత్తరములు, వేళగాని వేళ టెలిఫోనులు. "ఈ మంత్రము ఎంతసేపు పనిచేయును?" "ఈ భూతమునకు ఇనుము తగులునా?" ఉత్తరములకు జవాబులు వ్రాయలేక, 1975లో ఒక చిన్న పత్రికను స్థాపించిరి. అందు సందేహ నివృత్తియు, రాబోవు ప్రచురణల ప్రకటనలును ఉండెడివి. దానిని చూచుకొనుటకు తీసికొన్న టిమ్ కాస్క్ అను యువకుడే ఆ సంస్థకు మొదటి పూర్తికాలపు ఉద్యోగి.

వేయి ప్రతులు ఏడాది తిరుగకముందే చెల్లిపోయెను. ఇంతలో 1975 జనవరి 31న డాన్ కే గుండెపోటుతో మరణించెను. వయస్సు 36 సంవత్సరములు.

ఈ మరణము దుఃఖవార్త మాత్రమే కాదు, లెక్కలలోని యొక పెద్ద పద్దు. భాగస్వామ్యమున నొకడు పోయినచో వాని వాటా యెవరిది, ఎంత వెలకు, ఎవరు కొనవలెను అనునది ముందుగా కాగితముపై నుండవలెను. పల్లెలో అన్నదమ్ములు కలిసి బావి త్రవ్వించునప్పుడు సయితము ఈ మాట పెద్దలు వ్రాయించెడివారు. డాన్ కే వాటా భార్యకు చెందెను. ఆమెకు ఈ వ్యాపారముపై ఆసక్తి లేదు; అందులో తప్పు పట్టవలసినదియు లేదు. ఆ వాటాను విడిపించుటకు గైగాక్స్ చేత సొమ్ము లేదు. క్రొత్త కంపెనీ పెట్టి, బ్లూమ్ కుటుంబపు సొమ్ముతో విడిపించిరి. దానితో ఆ కుటుంబపు వాటా పెద్దదై, ఆటను సృజించిన గైగాక్స్ వాటా చిన్నదయ్యెను. దీని ఫలము పదేండ్లకు కాని తెలియలేదు.

ఆ పదేండ్లు అభివృద్ధి కాలము. భోజనశాలనుండి గైగాక్స్ నేలమాళిగకును, అటనుండి 1976లో ఊరిలోని యొక పాత యింటికిని కార్యాలయము మారెను. నియమములను తీర్చిదిద్ది గట్టి అట్టతో మూడు పెద్ద గ్రంథములుగా వెలువరింప సంకల్పించిరి. 1977లో భూతముల గ్రంథము, 1978లో ఆటగాండ్ర గ్రంథము, 1979లో కథకుని గ్రంథము వచ్చెను. ఏడాదికొక్కటి! మూడవది వచ్చుదాక మొదటి రెండును కొన్నవారు ఎదురుచూచుచుండిరి. భాగవత సంపుటములు ఒక్కొక్కటి వచ్చునప్పటి గ్రంథాలయముల ముంగిళ్లు తలపునకు వచ్చును. "వచ్చెనా?" అను ప్రశ్నయే ఆ ప్రచురణకర్త బలము. నాడు రాబోవు గ్రంథమనగా నిజముగా రాబోవునదే. చదువరి కోరినది, రచయిత వ్రాయుచున్నది. పాపము ఆర్నెసన్‌కు మాత్రము ప్రతిఫలము విషయమున వ్యాజ్యము వేయవలసివచ్చెను. 1979లో వేసినది 1981లో రాజీయయ్యెను.

1985లో బ్లూమ్ సోదరులు తమ వాటాలను లోరెయిన్ విలియమ్స్ అను నామెకు అమ్మివేసిరి. గైగాక్స్ అధికారము పోయెను. అచ్చునకు సొమ్ము లేని నాడు చేసికొన్న యేర్పాటు అప్పుడు పండినది.

ఇక ముఖ్యమైన పద్దు. 1979 మొదలు ఈ సంస్థ గ్రంథములను రాండమ్ హౌస్ అను పెద్ద ప్రచురణసంస్థ దేశమంతట పుస్తకాల యంగళ్లకు చేర్చుచుండెను. ఏర్పాటు ఇది: సరకు పంపినప్పుడే కొంత సొమ్ము ముట్టును, అంగళ్లలో అమ్ముడుపోని ప్రతులు తిరిగివచ్చినచో ఆ మేరకు సొమ్ము చెల్లింపవలెను. చూచుటకిది అమ్మకమువలె నుండును. నిజమునకిది అప్పు. ప్రతి చదువరి చేతికి పోవుదాక ఆ సొమ్ము జమ కాదు, బాకీ. చిట్టాలో జమ వైపు కనబడిన ప్రతి రూకయు ఆవర్జాలో ఎవరి ఖాతాకు చేరునో చూడనివాడు రొక్కనిల్వను చూచి పొంగిపోవును. ఈ సంస్థకు సొమ్ము కావలసినప్పుడెల్ల క్రొత్త గ్రంథములు అచ్చువేసి పంపుట తేరుగడ యయ్యెను. పాతవాని తిరుగు ప్రతుల బాకీ తీర్చుటకు క్రొత్తవి. వాని బాకీకి మఱికొన్ని. రాబోవు ప్రచురణల పట్టిక ఏటేట పొడవయ్యెను. చదువరి కోరుటవలన కాదు, బాకీ కోరుటవలన.

పట్టిక పొడవైనకొలది ఇంకొక చిక్కు. ఒక్క యాటకు ఒక్క కల్పితలోకము చాలక, పదింటిని సృష్టించిరి. ఒక లోకపు గ్రంథములు కొనువాడు మరొక లోకపువి కొనడు. పదివేలమంది పాఠకులు పది గుంపులయిరి. తరువాత లెక్కలు పరిశీలించినవారు, కొన్ని పెట్టెలను తయారీవ్యయము కంటె తక్కువకే అమ్మిరని కనుగొనిరి. ఎక్కువ అమ్మినకొలది ఎక్కువ నష్టమన్నమాట! ఆ పెట్టెలలోని పటములు మనోహరములు, వ్రాతలు మంచివి. కళలో లోపము లేదు. ఋతుపర్ణుని విద్య తెలిసినవాడొక్కడు ఆ భవనమున లేకపోయెనేమో.

1993లో 'మాజిక్' అను చీట్ల ఆట వెలువడి, ఆటల యంగళ్లకు వచ్చు యువకుల సొమ్మును తనవైపు లాగుకొనెను. 1996 చివర తిరుగు ప్రతులు గుట్టలుగా వచ్చిపడెను. ముద్రాపకులు బాకీ తీర్చినగాని అచ్చువేయమనిరి. 1997 తొలినెలలలో ఏండ్ల తరబడి వచ్చుచున్న మాసపత్రిక సయితము ఆగిపోయెను. రాబోవు గ్రంథముల వ్రాతప్రతులు బల్లలపై నుండెను; అచ్చునకు దారి లేదు. ఆ యేడాదియే, చీట్ల ఆటను ప్రచురించిన 'విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్' సంస్థ దీనిని బాకీలతోసహా కొనెను. ఆ సంస్థయు 1990లో ఒక యింటి నేలమాళిగలో మొదలైనదే. 1999లో దానిని హాస్బ్రో అను బొమ్మల కంపెనీ కొనెను. పైన చెప్పిన మిల్టన్ బ్రాడ్లీ స్థాపించిన సంస్థయు అప్పటికే ఆ కడుపుననే యుండెను. గైగాక్స్ 2008 మార్చిలోను, ఆర్నెసన్ 2009 ఏప్రిలులోను గతించిరి. ఆట మాత్రము చావలేదు. 2024లో దానికి ఏబదియేండ్లు నిండగా అమెరికా తపాలాశాఖ స్మారక బిళ్లలు వేసినది.

ఈ కథ విని, చిన్న ప్రచురణసంస్థలు నశించినవని యనుకొనరాదు. నేడు అమెరికాలోను ఐరోపాలోను ముగ్గురు నలుగురు మనుష్యులతో నడచు ఆటల సంస్థలు లెక్కకు మిక్కిలిగా నున్నవి. వారిలో పలువురు పట్టిన మార్గము మన పాత తెలుగు గ్రంథకర్తలకు పరిచితమే: ముందుగా చందాలు పోగుచేసి, ఆ సొమ్ముతో అచ్చువేయుట. గ్రంథము చివర చందాదారుల పేళ్లు వేసిన పాత పుస్తకములు చూచినవారికి క్రొత్తగా చెప్పవలసినది లేదు. కిక్‌స్టార్టర్ అను సంస్థ 2009లో ఈ పద్ధతిని అంతర్జాలమున కెక్కించినది. 2020లో 'ఫ్రాస్ట్‌హేవెన్' అను ఒక్క పెట్టె ఆటకు ఇట్లు దాదాపు 1 కోటి 30 లక్షల డాలర్లు ముందుగా వచ్చెను.

ఇందులో ఒక మేలున్నది. ఎన్ని ప్రతులు కావలెనో అచ్చునకు ముందే తెలియును. తిరుగు ప్రతుల బాధ తక్కువ. అయితే ఈ సొమ్ము సయితము పెట్టె చందాదారు గడప చేరుదాక బాకీయే. చందా పుచ్చుకొన్న నాటికిని పెట్టె పంపు నాటికిని ఏడాదియో రెండేండ్లో గడచును. మహమ్మారి నాళ్లలో 2021లో ఓడకిరాయిలు అనేకరెట్లు పెరిగినప్పుడు, పాత కిరాయి లెక్కగట్టి చందాలు పుచ్చుకొన్న చిన్నసంస్థలు చేతిసొమ్ము పెట్టి పంపవలసివచ్చెను, లేదా చందాదారులను మరికొంత యడుగవలసివచ్చెను. ఈ ఆటల పెట్టెలు చాలవరకు చైనాలో తయారగును. 2025 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వము చైనా సరకుపై సుంకమును నూటికి 145 వరకు పెంచినప్పుడు, వంద డాలర్ల సరకు రేవున దిగిన తక్షణము నూటనలువదియైదు డాలర్లు సుంకము కట్టవలసిన స్థితి. చందా సొమ్ము ఎన్నడో కాగితమునకును అట్టకును ఖర్చయిపోయినది. మే మాసమున సుంకము నూటికి 30కి తగ్గినది కాని, ఆ వారములలో కొందరు తయారైన సరకును ఓడ యెక్కించక చైనాలోని గిడ్డంగులందే నిలిపివేసిరి; కొందరు పనివారిని తగ్గించుకొనిరి.